చంపి తెచ్చిన పాము వేరు, కాటేసిన పాము వేరు: ఒక కట్లపాము కేసు

కృష్ణా డెల్టాలో కాలువ పక్కన ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాను. నాట్లు మొదలైన దగ్గర్నుంచి కోతలు అయ్యేదాకా మాకు పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు పొలంలో, పగటి పూట, కాలికో చేతికో పడినవి. వాపు ఉంటుంది, గాటు ఉంటుంది, పాముని చూసిన మనిషి ఉంటాడు. ఈ కేసులో ఆ మూడూ లేవు. అందుకే మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. ఆమె, ఆమె భర్త ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను.

ఆమె వయసు 29. వ్యవసాయ కూలీ. భర్త హైదరాబాదులో మేస్త్రీ పనికి వెళ్ళాడు. ఇంట్లో ఆమె, 8 ఏళ్ళ కూతురు, అత్తగారు. ఆగస్టు నెల. ముందురోజంతా వాన. రాత్రి కరెంటు పోయింది. రేకుల ఇంట్లో ఉక్కపోత భరించలేక తల్లీకూతుళ్ళు చాప తెచ్చి గడప దగ్గర వేసుకుని పడుకున్నారు. అత్తగారు నులక మంచం మీద పడుకున్నారు.

రాత్రి 2 గంటల ప్రాంతంలో కుడి మోచేతి దగ్గర ఏదో చురుక్కుమన్నట్టయింది. చీమో దోమో అనుకుని దులుపుకుని అటు తిరిగి పడుకుంది. మూడున్నరకి కడుపులో నొప్పితో మెలకువ వచ్చింది. రెండుసార్లు వాంతి అయింది. నాలుగున్నరకి ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ అని చెప్పి ఒక ఇంజెక్షన్ చేశాడు. నొప్పి తగ్గలేదు. గొంతు పట్టేసినట్టుంది, మంచినీళ్ళు దిగడం లేదు అనడంతో అత్తగారు, మరిది కలిసి ఆటోలో మా దగ్గరికి తీసుకొచ్చారు. అప్పటికి ఉదయం 6 గంటల 10 నిమిషాలు.

మొదటి పదిహేను నిమిషాలు

ఈ పదిహేను నిమిషాలు నా తప్పు. దాచుకోవడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

నేను చూసినప్పుడు ఆమె కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుని ఉంది. బీపీ 140/90, నాడి 104, ఆక్సిజన్ 97. కడుపు నొక్కి చూస్తే మెత్తగా ఉంది, ఎక్కడా బిగుతు లేదు. మనిషి మాత్రం నొప్పితో మెలికలు తిరుగుతోంది. కడుపు మెత్తగా ఉండి నొప్పి అంతలా ఉందంటే అక్కడే అనుమానం రావాలి. నేను గ్యాస్ ఇంజెక్షన్, వాంతులు ఆగే ఇంజెక్షన్ రాసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను. ఆర్‌ఎంపీ చేసిన పొరపాటే, నేను కాగితం మీద రాసి చేశాను.

సెలైన్ పెడుతున్న సిస్టర్ వెనక్కి పిలిచారు. "సార్, ఈవిడ కళ్ళు చూడండి. నిద్రమత్తు కాదు ఇది."

రెండు రెప్పలూ సగానికి వాలి ఉన్నాయి. పైకి చూడమంటే నుదురు ముడతలు పడుతోంది గానీ రెప్పలు లేవడం లేదు. దిండు మీంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోయింది. ఊపిరి కండరాల బలం తెలియడానికి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తేలిగ్గా 30 దాకా వెళతారు. ఆమె 14 దగ్గర ఆగిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"రాత్రి ఎక్కడ పడుకున్నావమ్మా?" అని అడిగాను. ఈ ప్రశ్న ఆమె గుమ్మంలోకి వచ్చినప్పుడే అడగాల్సింది. "కింద, చాప మీద" అంది. వానాకాలం, నేల మీద పడక, తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిన రెప్పలు. ఈ నాలుగూ కలిస్తే కట్లపాము కాటుగానే చూసి వైద్యం మొదలుపెట్టాలి. గాటు కోసం టార్చి వేసి ఒళ్ళంతా వెతికాం. మోచేతి దగ్గర ఒక గీత కనిపించింది. అది గాటో, గోరు గీసుకున్నదో చెప్పలేకపోయాం. వాపు లేదు, రక్తం లేదు. కట్లపాము కోరలు చాలా చిన్నవి. కాటు చోట నొప్పి కూడా పెద్దగా ఉండదు. నిద్రలో ఉన్న మనిషికి మెలకువ రాకుండానే జరిగిపోవచ్చు.

పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టాం. గడ్డకట్టింది. అంటే రక్తపింజర కాటు లక్షణం లేదు. కట్లపాము విషం రక్తాన్ని పాడుచేయదు, నరాల మీద పనిచేస్తుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఇవ్వడానికి ఆగలేదు. 6 గంటల 50 నిమిషాలకి 10 వయల్స్ కలిపి సెలైన్‌లో మొదలుపెట్టాం.

సంచిలో పాము

ఏఎస్‌వీ మొదలైన పది నిమిషాలకి ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు. మందు ఆపి, తొడకి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ ఇచ్చాం. అలర్జీ తగ్గడానికి ఏవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చాం. దద్దుర్లు తగ్గుతుండగా ఊరినుంచి బంధువు ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో కారీబ్యాగు, అందులో చచ్చిన పాము. మేం ఇటు బయలుదేరాక ఇరుగుపొరుగు కలిసి ఇల్లంతా వెతికితే గోడవార దొరికిందట. కర్రతో కొట్టి చంపి, "ఇదే సార్ కరిచింది" అని బల్ల మీద పెట్టాడు.

గోధుమరంగు పాము, అడ్డంగా తెల్లటి కట్లు. చూడగానే ఎవరైనా కట్లపాము అనే అంటారు. దగ్గరగా చూశాను. మెడ దగ్గరే కట్లు వెడల్పుగా, స్పష్టంగా ఉన్నాయి. తోకవైపు వెళ్ళేకొద్దీ పలచబడి కలిసిపోయాయి. కట్లపాముకి దీనికి తిరగబడి ఉంటుంది. తలవైపు కట్లు ఉండవు, లేదా చుక్కల్లా చెదిరి ఉంటాయి. కిందికి వెళ్ళేకొద్దీ సన్నటి తెల్లగీతలు, చాలాసార్లు జంటలు జంటలుగా, నిగనిగలాడే నల్లటి ఒంటిమీద తేటగా కనిపిస్తాయి. వెన్ను మధ్యలో పెద్ద పొలుసుల వరస ఒకటి ఉంటుంది, ఒక్కో పొలుసూ ఆరు మూలలతో. ఈ పాముకి ఆ వరస లేదు. ఇది తోడేలు పాము. విషం లేనిది. గోడలెక్కి బల్లుల్ని తిని బతుకుతుంది.

ఆ నిమిషం గురించే నేను ఎక్కువగా రాయాలనుకున్నాను. బల్ల మీద విషంలేని పాము ఉంది. మంచం మీద మనిషికి నేనిచ్చిన మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. గాటు కనపడలేదు. రక్తం గడ్డకట్టింది. కాగితం మీద చూస్తే ఏఎస్‌వీ ఆపేయడానికి కారణాలన్నీ ఉన్నాయి. బంధువులు కూడా, "విషం లేని పామా సార్? అయితే భయం లేదు కదా" అని ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది.

మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళి అంకెలు లెక్కపెట్టించాను. 9 దగ్గర ఆగిపోయింది.

తోడేలు పాము కరిస్తే రెప్పలు వాలవు, మెడ నిలబడకపోవడం ఉండదు. కాబట్టి కరిచింది వేరే పాము. అది ఇంకా ఆ ఇంట్లోనే ఉండి ఉండాలి. "ఇంట్లోకి ఎవరూ వెళ్ళొద్దు, పిల్లని వెంటనే ఇక్కడికి తీసుకురండి" అని చెప్పి ఏఎస్‌వీ మళ్ళీ, మొదట నెమ్మదిగా, మొదలుపెట్టాను. మనం వైద్యం చేసేది రోగి లక్షణాలకి, సంచిలో తెచ్చిన పాముకి కాదు. పాముని వెతికి చంపడానికి పోయిన సమయం ఎప్పుడూ నష్టమే. అలా వెతికేటప్పుడు రెండో మనిషికి కాటు పడిన సంఘటనలు మా ప్రాంతంలో తెలుసు. దూరం నుంచి ఫోనులో ఒక ఫొటో తీయగలిగితే చాలు. అదీ ప్రమాదం లేకుండా కుదిరితేనే.

పడిపోతున్న కండరాలకి బలం వస్తుందేమోనని, అట్రోపిన్‌తో కలిపి 1.5 మిల్లీగ్రాముల నియోస్టిగ్మిన్ కూడా ఇచ్చి చూశాం. నాగుపాము విషం నరానికీ కండరానికీ మధ్య అవతలి ఒడ్డున, కండరం వైపు తలుపు మూస్తుంది. అక్కడ ఈ మందు బాగా పనిచేస్తుంది. కట్లపాము విషం ఇవతలి ఒడ్డున, నరం కొసనే దెబ్బతీస్తుంది. అక్కడ సాధారణంగా ఇది పనిచేయదు. ఆమెకీ పనిచేయలేదు. ఏఎస్‌వీ కూడా రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, అప్పటికే దెబ్బతిన్న నరం కొసల్ని బాగుచేయదు. అవి మళ్ళీ పెరగాలి. దానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఆమె తరఫున ఎవరో ఒకరు ఊపిరి పీల్చాలి. కట్లపాము కాటులో ప్రాణం నిలిచేది ఎక్కువగా ఇక్కడే.

ముందు గొట్టం, తర్వాత బండి

ఉదయం 7 గంటల 50 నిమిషాలకి లెక్క 6కి పడింది. లాలాజలం మింగలేక పెదవి చివరి నుంచి కారుతోంది. ఆక్సిజన్ మాత్రం ఇంకా 95 చూపిస్తోంది. ఆ అంకెను చూసి ధైర్యపడకూడదు. కండరాలు అలసిపోతున్నా ఆక్సిజన్ చివరిదాకా బాగానే కనిపించి, పడినప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది.

మా దగ్గర వెంటిలేటర్ లేదు. పెద్దాసుపత్రికి 108లో గంట ప్రయాణం. వెంటనే పంపించేయాలని అక్కడున్న అందరి తొందర. నాకు ఒకటే భయం, దారి మధ్యలో ఊపిరి ఆగితే కదులుతున్న బండిలో గొట్టం వేయడం ఎవరివల్లా కాదు. అందుకని మత్తు ఇచ్చి 8 గంటల 5 నిమిషాలకి శ్వాసనాళంలోకి గొట్టం వేసి, అది సరిగా కూర్చుందని చూసుకున్నాకే బండెక్కించాం. నేనూ సిస్టరూ వంతులవారీగా, చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతూ వెళ్ళాం. ఐదారు సెకన్లకి ఒక నొక్కు. గుంటలొచ్చినచోట గొట్టం కదలకుండా ఒక చెయ్యి దాని మీదే. ఆ గంటలో మేం చేసిందల్లా అదే.

పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు, ఇంకో 10 వయల్స్ ఇచ్చారు. రెండో రోజుకి ఆమె పూర్తిగా కదలకుండా అయిపోయింది. కళ్ళు తెరిచి టార్చి వేస్తే కంటిపాపలు పెద్దవిగా, స్పందన లేకుండా ఉన్నాయి. బంధువుల్లో ఎవరో మెదడు పోయిందట అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. ఇంటికి తీసుకెళ్ళిపోదామన్న దాకా వచ్చింది.

ఫోనులో ఆమె భర్తతో అరగంట మాట్లాడాను. కట్లపాము విషానికి కంటిపాపని కదిపే చిన్న కండరాలు కూడా పడిపోతాయి. అది మెదడు చనిపోయిన గుర్తు కాదు. చూడటానికి శవంలా ఉన్నా లోపల మనిషి మొత్తం ఉండవచ్చు. ఈ కేసుల్లో ఆ తీర్పు తొందరపడి ఇవ్వకూడదని అక్కడి డాక్టర్లూ చెప్పారు. అతను ఉంచడానికే ఒప్పుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం అత్తగారు కోడలి పాదాలు నిమురుతుంటే బొటనవేలు కదిలింది. నాలుగో రోజు వెంటిలేటర్ తీశారు. తొమ్మిదో రోజు ఇంటికి నడిచి వెళ్ళింది.

తర్వాత నన్ను కలిసినప్పుడు ఆమె చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "ఇంటికి తీసుకెళ్ళిపోదాం అన్నది వినపడింది సార్. బతికే ఉన్నానని చెప్పడానికి వేలు కూడా కదల్లేదు." అప్పటినుంచి గొట్టం మీద ఉన్న ప్రతి మనిషితోనూ నేను మాట్లాడతాను. ఇది ఇప్పుడు ఏ రోజు, ఇది ఏ ఆసుపత్రి, ఇప్పుడు ఏం చేస్తున్నాం, అన్నీ చెబుతాను.

కూతుర్ని 24 గంటలు మా దగ్గరే ఉంచి గంటగంటకీ రెప్పలు, మెడ, అంకెలు చూశాం. ఏమీ కాలేదు. ఒకే చాప మీద పడుకున్నవాళ్ళలో ఒకరికి కాటు పడితే మిగతావాళ్ళనీ గమనించాలి. పిల్లలకి లక్షణాలు వస్తే ఏఎస్‌వీ పెద్దవాళ్ళకిచ్చినంతే ఇవ్వాలి. చిన్నపిల్ల కదా అని పాము తక్కువ విషం వదలదు.

ఆ ఇల్లు

అసలు పాము ఇంట్లోనే ఉందని నాకు తెలుసు కాబట్టి అటవీ శాఖ దగ్గర శిక్షణ పొందిన పాములు పట్టే అబ్బాయికి ఆరోజే ఫోను చేశాను. సాయంత్రం అతనితో కలిసి నేనూ వెళ్ళాను. అతను లోపలికి వెళ్ళకుండా ఇంటి చుట్టూ రెండుసార్లు నెమ్మదిగా తిరిగాడు. నేను డాక్టరుగా కడుపు నొక్కి చూసినట్టు అతను ఇల్లు చూశాడు.

తలుపు కింద రెండు వేళ్ళు పట్టేంత సందు. బయట స్నానాల గది తూముకి జాలీ లేదు. కొత్త ఇంటి కోసం రెండేళ్ళ కింద తెచ్చిన ఇటుకలు గోడకి ఆనించి పేర్చి ఉన్నాయి, డబ్బుల్లేక పని ఆగిపోయింది. వాటి మీద తాటాకులు, కట్టెలు. పక్కనే కోళ్ళ గూడు, కింద రాలిన నూకలు. లోపల వడ్ల బస్తాలు, వాటికోసం ఎలుకలు. గుమ్మం పైన బల్బు, దానికి పురుగులు, పురుగులకి కప్పలు, బల్లులు. "డాక్టర్ గారూ, ఇక్కడ పాముకి భోజనం, పడక రెండూ ఉన్నాయి" అన్నాడు. తోడేలు పాము బల్లుల కోసం వచ్చింది. కట్లపాము ఎలుకల్నీ కప్పల్నీ తింటుంది, ఇతర పాముల్నీ తింటుంది. ఆ తోడేలు పాము కూడా దానికి ఆహారమే.

ఇటుకలు పొడవాటి కొక్కెంతో ఒక్కొక్కటీ తీస్తూ వెళితే నాలుగో వరసలో ముందు కుబుసం, తర్వాత పాము దొరికాయి. దాదాపు మూడడుగులు, నల్లగా నిగనిగలాడుతూ. పగలు కాబట్టి చుట్టుకుని తల దాచుకుంది, బుస కొట్టలేదు, పడగ లేదు. పగలు దీన్ని చూసినవాళ్ళు మెతక పాము అనుకుంటారు. ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కించి, అటవీ శాఖవాళ్ళకి చెప్పి ఊరికి దూరంగా వదిలాడు.

ఈ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బంగారస్. అది మన తెలుగు మాటే. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు కోరమాండల్ తీరంలో పాముల్ని సేకరిస్తూ స్థానికులు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. పసుపు కట్ల పాముని మనవాళ్ళు బంగారం పాము అన్నారు. 1796లో అచ్చయిన ఆ పేరే లాటిన్‌లోకి వెళ్ళింది. రక్తపింజరకి ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఒంటిమీద కాటుక పెట్టినట్టున్న మచ్చల్ని అంత చక్కగా చూసి పేరు పెట్టిన మనుషులు మనవాళ్ళే. ఆ చూపు మనకి మళ్ళీ కావాలి. తోడేలు పాముని, జెర్రిపోతుని, నీరుకట్టెని కొట్టి చంపి ధైర్యపడుతున్నాం, అసలైనది ఇటుకల్లో ఉండిపోతోంది.

అత్తగారికి ఒకటే దిగులు. "జంట పాము వస్తుందేమో నాయనా, పగబడుతుందంటారు." ఆమె ఏటా నాగుల చవితికి గట్టు మీది పుట్టలో పాలు పోసే మనిషి. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయలేదు. ఆ అబ్బాయి పక్కన కూర్చుని చెప్పాడు. "పాముకి మనిషి ముఖం గుర్తుండదమ్మా. మళ్ళీ వస్తే ఎలుక కోసం వస్తుంది. ఎలుక లేకుండా చూసుకో." చుట్టూ కార్బాలిక్ యాసిడ్ చల్లమంటారా, వెల్లుల్లి కట్టమంటారా అని పక్కింటివాళ్ళు అడిగారు. వాటివల్ల పాములు ఆగుతాయని నమ్మదగిన ఆధారం లేదు. యాసిడ్ పిల్లల ఒంటికీ కోళ్ళకీ ప్రమాదం.

మేం చెప్పినవి తక్కువే. అన్నిటికంటే ముందు దోమతెర, అంచులు చాప కిందికి మడిచి. నేపాల్ తరాయి పల్లెల్లో చేసిన అధ్యయనంలో దోమతెరలో పడుకున్నవాళ్ళకి పాముకాట్లు బాగా తక్కువని తేలింది. నేల మీద పడుకునే ఇంట్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రక్షణ ఇచ్చేది ఇంకోటి లేదు. కుదిరితే మంచం. ఇటుకలు, కట్టెలు గోడకి దూరంగా, నేలకి ఎత్తుగా. తలుపు కింద రబ్బరు పట్టీ, తూముకి జాలీ. రాత్రి లేస్తే టార్చి.

కాటు పడితే ఏం చేయాలో కూడా ఆ సాయంత్రమే గుమ్మం దగ్గర పాతికమందికి చెప్పాం. తాడుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. వేపాకు చేదు తెలుస్తుందా, మిరపకాయ కారం తెలుస్తుందా అని పరీక్షలు పెట్టొద్దు. చేదు తెలిసినంత మాత్రాన విషం లేదని కాదు. చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయాలి. మింగడం కష్టమవుతుంటే మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే ఏటా సగటున 58,000. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. అందులో తెల్లవారుజామున కడుపునొప్పిగా మొదలై, గాటు కనపడక, గ్యాస్ అనుకుని ఇంట్లోనే పోయినవాళ్ళు లెక్కలోకి కూడా వచ్చి ఉండరు. ఆమె ఇంకో గంట ఆలస్యంగా వచ్చి ఉంటే వాళ్ళలో ఒకరయ్యేది.

మా ఎమర్జెన్సీ గదిలో ఓపీ చిట్టీ మీద ఇప్పుడు ఒక రబ్బరు స్టాంపు వేస్తున్నాం. జూన్ నుంచి నవంబరు దాకా రాత్రి, తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతునొప్పి, వాంతులతో వచ్చిన ప్రతి ఒక్కరికీ మూడు గళ్ళు నింపాలి: నేల మీద పడుకున్నారా, రెప్పలు ఎలా ఉన్నాయి, ఒక్క ఊపిరిలో ఎంత లెక్కపెట్టారు. ఆ స్టాంపు చేయించమని అడిగింది సిస్టరే.

ఆరు వారాలకి ఆమె చూపించుకోవడానికి వచ్చింది. రెప్పలు మామూలుగా ఉన్నాయి, ఒక్క ఊపిరిలో 32 దాకా లెక్కపెట్టింది. ఇటుకలు దొడ్డి చివరికి మార్చారట. తలుపుకి పట్టీ ఇంకా వేయించలేదు, భర్త పండక్కి వచ్చినప్పుడు వేస్తానన్నాడట. దోమతెరలు మాత్రం రెండు కొన్నారు. ఒకటి అత్తగారి మంచానికి, ఇంకోటి తల్లీకూతుళ్ళ చాపకి.